సుగ్గి గుడారంలో సూర్యదీపం

ఇప్పుడు ఎక్కడ చూసినా మోసుకుపోయే సోలార్ సామాను ప్రకటనలే కనిపిస్తున్నాయి. ఒక జీపు, ఒక కొండ, రంగురంగుల గుడారం, దాని ముందు కుర్చీలు వేసుకొని కాఫీ తాగే జంట, పక్కన ట్రంకుపెట్టెంత బ్యాటరీ, మడిచి సంచీలో పెట్టుకునే సోలార్ ప్లేటు. బాట లేని చోటికి పోయినా ఇంటి సుఖం మీ వెంటే వస్తుందని ఆ ప్రకటనల సారాంశం. మంచిదే. సెలవుల్లో కొండలెక్కేవారిని చూసి ఈర్ష్యపడే ఉద్దేశం నాకు లేదు. కానీ ఒక్క ప్రశ్న అడగాలనిపిస్తుంది. మన పడమటి కర్నూలులో, ఈ ఆదోని, ఎమ్మిగనూరు సీమలో, నెలల తరబడి గుడారాల్లో రాత్రులు గడిపేవాళ్లు ఎవరు?

జవాబు మనందరికీ తెలుసు. సుగ్గికి పోయేవాళ్లు.

సుగ్గి అన్నమాట కన్నడంలోనూ ఉంది. అక్కడ దానికి పంటకోతల కాలమని, సంబరమని అర్థం. మన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద పల్లెల్లో ఆ అర్థం తిరగబడింది. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి "వీళ్లు యాడికి పోయినారప్పా?" అంటే, "సుగ్గికి పోయినారు" అని పక్కింటి అవ్వ చెబుతుంది. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణలో పత్తి తీతకు, బెంగుళూరులో కట్టడం పనులకు, పిల్లాజెల్లతో, గిన్నెలూ దుప్పట్లతో పోవడమే సుగ్గి. అక్కడ చేను పక్కన నాలుగు కట్టెలు పాతి, పైన పట్ట కప్పితే అదే ఇల్లు. దానికి మీటరు ఉండదు, స్విచ్చీ ఉండదు.

ఇంకా ఉన్నారు. గొర్రెల మందను తోలుకొని ఊరూరా తిరుగుతూ చేలల్లో మందపెట్టే కురుబలు ఉన్నారు. అడవిపందుల భయానికి మంచె మీద తెల్లవార్లూ కాపలా ఉండే రైతులు ఉన్నారు. ఉగాదికి కన్నడ సీమనుంచి మన ఊళ్ల మీదుగా శ్రీశైలానికి నడిచిపోయే మల్లన్న భక్తులు ఉన్నారు. వీళ్లంతా బాట లేని చోట, కరెంటు లేని చోట రాత్రి గడిపేవాళ్లే. ప్రకటనల్లో మాత్రం వీళ్లెవరూ లేరు.

కాబట్టి మోసుకుపోయే సోలార్ ఎంపిక మన దగ్గర విహారయాత్రల ముచ్చట కాదు, కూలి డబ్బుల ముచ్చట. పెద్ద పెట్టె చూసి మోసపోకుండా, ఒక రాత్రికి ఎంత కరెంటు కావాలో ముందు లెక్కగట్టుకొని, చెడితే విప్పి బాగుచేసుకోగల చిన్న సామాను కొనుక్కోవాలన్నది నా అభిప్రాయం. ఆ లెక్కను జనానికి చెప్పవలసిన బాధ్యత సైన్సు చదువుతున్న మన మీదే ఉందన్నది అంతకన్నా గట్టి అభిప్రాయం.

ఒక్క దీపానికి ఇంత ఉపన్యాసమా అని ఎవరైనా నవ్వవచ్చు. నవ్వేవారు ఒక్క రాత్రి చేని గట్టున నేలమీద పడుకొని చూడాలి. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. నేలమీద నిద్రపోయేవాళ్లను కాటు వేస్తుంది. చాలాసార్లు ఆ కాటు నొప్పి కూడా తెలియదు. చీకట్లో ఆడవాళ్లు బయటికి పోవాలన్నా, తెల్లవారుజామున సద్ది కట్టుకోవాలన్నా, వెంట వచ్చిన పిల్ల నాలుగు అక్షరాలు చదవాలన్నా వెలుతురు కావాలి. ఊర్లో వదిలివచ్చిన ముసలివాళ్లతో మాట్లాడాలంటే సెల్లులో చార్జింగు కావాలి. ఇవి సుఖాలు కావు, అవసరాలు.

మన జిల్లాకు ఎండ కరువు ఏనాడూ లేదు. నీటి కరువే. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయినప్పుడు దేశమంతా దాని పేరు చెప్పుకుంది. ఆనాటికి మన జిల్లా ఇంకా రెండు ముక్కలు కాలేదు, 2022లోనే నంద్యాల వేరయింది. ఆ ప్లేట్ల కరెంటు పెద్ద తీగల మీద ఎక్కడెక్కడికో పోతుంది. అదే ఎండలో పనిచేసే మనిషి గుడారానికి మాత్రం రాదు. తీగ గుడారం వెంట నడిచిపోలేదు కదా! దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక లెక్కలోకి వద్దాం. కొనేవాళ్లను తికమక పెట్టేవి మూడు. మొదటిది వాట్లకూ వాట్-అవర్లకూ ఉన్న తేడా. మన ఊళ్లలో కొళాయి ముందు బిందెలతో నిలబడినవాళ్లకు ఇది చెప్పడం సులభం. వాట్లు అంటే కొళాయి ఎంత జోరుగా వస్తున్నదీ అని. వాట్-అవర్లు అంటే ఎన్ని బిందెలు నిండినవీ అని. జోరు ఎంతున్నా రెండు నిమిషాలకే నీళ్లు ఆగిపోతే ఇంటికేమి లాభం? బ్యాటరీ కొనేటప్పుడు అడగవలసింది బిందెల లెక్క. 3 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 5 గంటలు వెలిగితే 15 వాట్-అవర్లు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అంగళ్లలో మాత్రం ఈ లెక్క చెప్పరు. పవర్ బ్యాంకు మీద 20000 మిల్లీ ఆంపియర్-అవర్లు అని కొట్టొచ్చినట్లు రాస్తారు. అది లోపలి ఘటం లెక్క. ఆ ఘటం 3.7 వోల్టులది. గుణిస్తే 74 వాట్-అవర్లు. 5000 అంకె ఉన్న సెల్లు బ్యాటరీకి సుమారు 19 వాట్-అవర్లు పడుతుంది. నాలుగుసార్లు చార్జింగు అవుతుందని జనం అనుకుంటారు. వోల్టేజి మార్చేటప్పుడు పోయేది పోగా రెండున్నర, మూడుసార్లకు మించి రాదు. విమానంలో 100 వాట్-అవర్లు దాటిన పవర్ బ్యాంకును మామూలుగా తీసుకుపోనివ్వరు. అందువల్ల ఆ అసలు అంకెను వెనకవైపు చీమల అక్షరాల్లో అచ్చువేసి ఉంటారు. చూడవలసింది దాన్నే.

రెండవది ప్లేటు సైజు. దీనికి నేను చెప్పే పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు, జానెడు కొలత చాలు. నడినెత్తి మీద ఎండ కాసేటప్పుడు చదరపు మీటరు మీద పడే సూర్యశక్తి సుమారు 1000 వాట్లు. మంచి సిలికాన్ ప్లేటు అందులో 20 నుంచి 22 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది. అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లేటు మహా అయితే 18 నుంచి 20 వాట్లు ఇస్తుంది. ఎవరైనా పలకంత ప్లేటు చూపించి ఇది 100 వాట్లన్నా అంటే, "అప్పా, సూర్యుడే అంత ఇవ్వడు" అని చెప్పి వచ్చేయవచ్చు. పవర్ బ్యాంకు వీపున అతికించిన చిన్న ప్లేటు సంగతీ ఇంతే. అరచేయి అంత జాగాలో వచ్చేది 2 వాట్లు. రోజుకు 5 గంటల మంచి ఎండ తీసుకున్నా, నష్టాలు పోను దక్కేది 6, 7 వాట్-అవర్లు. ఆ 74 వాట్-అవర్ల బ్యాంకు నిండడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అంతసేపు లిథియం బ్యాటరీని ఎండలో కాల్చడం దానికి మంచిది కూడా కాదు. ప్లేటు ఎండలో ఉండాలి, బ్యాటరీ నీడలో ఉండాలి. రెండూ ఒకదానికొకటి అతుక్కున్న సామాను మన ఎండలకు పనికిరాదు.

ప్లేటు మీద రాసిన వాట్లు కూడా ప్రయోగశాల లెక్కే. ఘటం 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచిన అంకె అది. మన ఎండలో ప్లేటు 60 డిగ్రీలకు చేరుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది, అంటే 14 శాతం పోయినట్లే. దుమ్ము, వాలు, వైర్లు కలిపి ఇంకొంత తింటాయి. అందువల్ల రాసిన దాంట్లో పదింట ఆరు వంతులే చేతికొస్తాయని లెక్క వేసుకుంటే మోసం ఉండదు. ఒక మూల చెట్టుకొమ్మ నీడ పడినా ఘటాలన్నీ వరసగా కలిపి ఉండడం వల్ల మొత్తం ప్లేటు మందగిస్తుందని మరువరాదు. ఎద్దుల జతలో ఒకటి కుంటితే రెండోది మాత్రం పరుగెత్తుతుందా?

మూడవది బ్యాటరీ జాతి. లెడ్-యాసిడ్ పాతది, బరువైనది, చవకైనది. దాన్ని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుస్సు తగ్గిపోతుంది. కొత్తగా వస్తున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేటు. ఈ పదార్థం బ్యాటరీకి పనికివస్తుందని 1997లో పాధి, నంజుండస్వామి, గుడ్‌ఇనఫ్ అనేవారు ప్రకటించారు. వారిలో గుడ్‌ఇనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రకం మామూలు సెల్లు బ్యాటరీ కన్నా వేడికి ఎక్కువగా ఓర్చుకుంటుంది, తొందరగా అంటుకోదు. లెడ్-యాసిడ్‌ను లోతుగా వాడితే మూడు నాలుగు వందలసార్లు వస్తుంది, ఇది రెండువేలసార్లు వస్తుంది. ఎండుమిరపకాయల కుప్పల పక్కన, పత్తి బోరాల మధ్య పడుకునేవారికి తొందరగా అంటుకోని బ్యాటరీ అన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఒక సుగ్గి గుడారానికి లెక్క కడదాం. పెద్ద బల్బు 3 వాట్లది 5 గంటలు, 15. రాత్రంతా వెలిగే చిన్న బల్బు అర వాటుది 8 గంటలు, 4. ఒక పెద్ద సెల్లు, నష్టాలతో కలిపి 25. ఒక బటన్ల సెల్లు, 5. మొత్తం సుమారు 50 వాట్-అవర్లు. 20 వాట్ల ప్లేటు 5 గంటల ఎండలో, పదింట ఆరు వంతుల లెక్కన, 60 వాట్-అవర్లు ఇస్తుంది. సరిపోయింది! ట్రంకుపెట్టెంత బ్యాటరీ ఎందుకు? 

ఇంకో మాట. రైతు బిడ్డగా ఇది నేను చెప్పక తప్పదు. పత్తికి మందు కొట్టే చార్జింగు పంపు మన పల్లెల్లో చాలా ఇళ్లల్లో ఉంది. దాని కడుపులో ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ. గుణిస్తే 96 వాట్-అవర్లు. సగమే వాడుకున్నా 48. పైన కట్టిన గుడారం లెక్కకు ఇది ఇంచుమించు సరిగ్గా సరిపోతుంది. మందు కొట్టే పని అయిపోయాక సుగ్గి కాలమంతా ఆ పంపు మూలన పడి ఉంటుంది. చార్జింగు లేకుండా నెలలు ఉంచితే ఆ బ్యాటరీ ఎలాగూ పాడవుతుంది. దానికి ఒక 20 వాట్ల ప్లేటు, ఒక చిన్న చార్జ్ కంట్రోలర్, రెండు 12 వోల్టుల బల్బులు, సెల్లుకు ఒక యూఎస్‌బీ ముక్క తగిలిస్తే గుడారానికి వెలుగు వచ్చినట్లే. బ్యాటరీ చచ్చిపోయిన తర్వాత డబ్బులు చేకూరితే ఐరన్ ఫాస్ఫేటుది వేసుకోవచ్చు. అప్పుడు ఆ రకానికి తగిన కంట్రోలరే వాడాలి. 

అయితే పనిని పద్ధతిగా చేయాలి. 12 వోల్టుల ప్లేటు ఎండలో ఊరికే ఉన్నప్పుడు 20 వోల్టులు దాటి చూపిస్తుంది. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే బ్యాటరీ ఉడికిపోతుంది. అందుకే కంట్రోలరు తప్పనిసరి. ఇంత చిన్న ప్లేటుకు ఖరీదైన ఎంపీపీటీ కంట్రోలరు దండగ, మామూలు పీడబ్ల్యూఎం రకం చాలు. బ్యాటరీ ప్లస్ తీగకు దగ్గరలోనే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. పట్ట గుడారంలో తీగలు తగులుకుంటే కాపాడేది అదొక్కటే. ప్లేటును దక్షిణం వైపు వాల్చి పెట్టాలి. మన అక్షాంశం పదిహేనున్నర డిగ్రీల పైచిలుకు గనుక ఏడాది పొడవునా అంతే వాలు చాలు, సంక్రాంతి రోజుల్లో 30 దాకా లేపితే ఇంకా మంచిది. పొద్దున్నే తడిగుడ్డతో దుమ్ము తుడవాలి. మందు కొట్టిన పంపును బాగా కడిగి, బ్యాటరీని విప్పి వేరే పెట్టెలో పెట్టుకోవాలి. మందు డబ్బా, పిల్లలు, పడక ఒకచోట ఉండకూడదు.

అందరికీ ఒకే మందు పనికిరాదు. మంద వెంట పగలంతా నడిచే గొర్రెలకాపరికి అద్దం ప్లేటు బరువు, పగులుతుందని భయం. అతనికి కావలసింది టార్చికీ బటన్ల సెల్లుకూ కలిపి రోజుకు 10 వాట్-అవర్లు. 5 వాట్ల మడత ప్లేటు, అరచేతి లాంతరు చాలు. మడత ప్లేటుకు ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం ఉన్నది అతని విషయంలోనే. శ్రీశైలం నడిచే భక్తుడికి సోలారే అక్కరలేదు. ఇంటి దగ్గర నింపుకున్న పవర్ బ్యాంకు రెండు మూడు రోజులు వస్తుంది, దారిలో అన్నదానం పందిళ్లు ఉంటాయి. ఇక జీపులో పోయే విహారయాత్రికులకు ఒక మాట. బండి నడిచినంతసేపు బండి సాకెట్టే మీకు చార్జరు. రెండు మూడు రోజులు ఒకేచోట దిగి, చిన్న ఫ్రిజ్జు కూడా నడపాలనుకుంటేనే పెద్ద ప్లేటు కావాలి. ఫ్రిజ్జుకు రోజుకు 400 వాట్-అవర్లు అనుకుంటే 130 వాట్ల ప్లేటు, అంటే ఏడు చదరపు అడుగులు. అంత అవసరం నిజంగా ఉంటే కొనండి, వద్దనేవారెవరు? 

ఇంతా చదివి ఒక మిత్రుడు అడగవచ్చు: "చేలకు నీళ్లు ఇస్తే సుగ్గే ఉండదు కదప్పా, దీపాలు పంచి వలసను అలవాటు చేస్తావా?" న్యాయమైన ప్రశ్న. తుంగభద్ర దిగువ కాలువ చివరి చేలకు నీరు సరిగా చేరాలి. సుగ్గికి పోయేవారి పిల్లలకోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్లు సకాలంలో తెరవాలి. ఆ పోరాటం మానమని ఎవరూ చెప్పరు. దీపం నీటికి బదులు కాదు. కానీ కాలువ వచ్చేదాకా కట్లపాము ఆగదు. ఈ సంవత్సరం గుడారంలో పడుకునే బిడ్డకు ఈ సంవత్సరమే వెలుతురు కావాలి.

ఇంకొకరు అనవచ్చు, దాతలు ఉచితంగా లాంతర్లు పంచితే పోదా అని. పంచినవి మొదటిసారి చెడిపోయేదాకానే వెలుగుతాయి. అతికించి మూసేసిన లాంతరును విప్పడానికి మరలు ఉండవు, లోపలి బ్యాటరీ బయట దొరకదు. అందుకే బాగుచేయడం అన్నదే అసలు కీలకం. 1972లో బంకర్ రాయ్ స్థాపించిన రాజస్థాన్ తిలోనియా బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని పల్లె స్త్రీలు సోలార్ దీపాలు చేయడం, బాగుచేయడం నేర్చుకున్నారు. బొంబాయి ఐఐటీ వారు 2014లో మొదలుపెట్టిన విద్యార్థుల సోలార్ దీపాల పథకంలో కూడా పల్లెవాళ్లకే బిగింపు, మరమ్మతు నేర్పించారు. వారికి చేతనైంది మనకు చేతకాదా? ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్లను ఒకచోట చేర్చి సహకార సంఘం పెట్టినప్పుడు నూలు, మగ్గం, అమ్మకం ఒక్కొక్కరి తలనొప్పిగా ఉండేవి. కలిసినందువల్లనే అవి సంఘం పనులైనాయి. దీపం విషయంలో మనం నేర్చుకోవలసిన పాఠం మన వాకిట్లోనే ఉంది.

కాబట్టి విద్యార్థి సంఘానికీ, భౌతికశాస్త్ర అధ్యాపకులకూ, పూర్వవిద్యార్థులకూ నా విన్నపం ఇది. మన ప్రయోగశాలలో మల్టీమీటర్లు ఉన్నాయి. సుగ్గి మొదలయ్యే ముందు రెండు ఆదివారాలు ఒక బల్ల వేసుకొని సంత దగ్గర కూర్చుందాం. జనం తెచ్చిన పవర్ బ్యాంకు, ప్లేటు, పంపు బ్యాటరీ కొలిచి, అసలు ఎన్ని వాట్-అవర్లో చీటీ మీద తెలుగులో రాసి ఇద్దాం. పూర్వవిద్యార్థులు చేయూతనిస్తే పది సెట్లు మనమే బిగించి, పది కుటుంబాలకు ఆ కాలానికి అరువిద్దాం. తిరిగి వచ్చినప్పుడు ఏది పనిచేసింది, ఏది తెగింది అడిగి రాసుకుందాం. చచ్చిన బ్యాటరీలను చెత్తలో పారేయకుండా పోగుచేసి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అప్పజెబుదాం. 

కాంతి పడితే కరెంటు పుడుతుందని బెకెరెల్ 1839లో కనుగొన్నాడు. బెల్ ప్రయోగశాలవారు 1954లో సిలికాన్ ఘటం చేశారు. 1958లో అది వాన్‌గార్డ్ ఉపగ్రహంతో ఆకాశానికి పోయింది. ఇవన్నీ మనం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆకాశానికి పోయిన ఆ దీపాన్ని మిరపచేను గట్టుదాకా తీసుకుపోవడం ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. అయినా మనం చదివిన చదువుకు అసలైన ప్రాక్టికల్ పరీక్ష అదేనని నా నమ్మకం.